యానిమే చూడటానికి ఏ ప్రతి, నేర్చుకోవడానికి ఏ ప్రతి?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. డిగ్రీ చివరి సంవత్సరం చదువుతూ, సాయంత్రాలు 2డీ యానిమేషన్ నేర్చుకుంటున్నాను. యానిమేలన్నీ, అంటే జపాన్ బొమ్మల సినిమాలూ సీరియళ్లూ, ఇప్పటిదాకా చందా కట్టిన యాప్‌లో, ఫోన్‌లోనే చూశాను. ఒక్కొక్క ఫ్రేమూ ఆపి చూస్తే తప్ప పని రాదని మా సార్ అంటున్నారు గాని, యాప్‌లో అది కుదరడం లేదు. సంక్రాంతికి మా మేనమామ అమెరికా నుంచి వస్తున్నారు. ఆయనను డీవీడీలు తెమ్మనాలా, బ్లూ-రేలు తెమ్మనాలా, 4కే డిస్కులా? మా నాన్నగారు కుర్రతనంలో దూరదర్శన్ నుంచి రికార్డు చేసుకున్న 'జంగిల్ బుక్' వీడియో క్యాసెట్లు కూడా ఇంట్లో ఉన్నాయి. వాటివల్ల నాకేమైనా ఉపయోగం ఉంటుందా?
(ఒక పాఠకురాలు, గుంటూరు)

సమాధానం: మీరు ఒకే ఉత్తరంలో రెండు వేర్వేరు ప్రశ్నలు అడిగారు, రెండింటికీ ఒకే జవాబు సరిపోదు. కథ కోసం యానిమే చూడటానికి మీ దగ్గరున్న చందా చాలు, దానికోసం మీ మామయ్యగారి చేత సామాను మోయించనక్కర్లేదు. గీసేవారి పనిని గమనించి నేర్చుకోవాలంటే మాత్రం కొలబద్ద మారుతుంది. చిత్రకారుడు గీసిన బొమ్మ గీసినట్టుగానే, అతడు ఎంతసేపు నిలపదలిచాడో అంతసేపే నిలిచి మీకు కనబడుతున్నదా అన్నది అప్పుడు మొదట చూడవలసిన విషయం. తెరమీద ఎన్ని చుక్కలు (పిక్సెళ్లు) ఉన్నాయన్నది ఆ తర్వాతి మాట. డీవీడీ, బ్లూ-రే, 4కే అనే పేర్లు చుక్కల సంగతి చెబుతాయే గాని మొదటి విషయం గురించి ఏమీ చెప్పవు. అందుకే పెట్టెమీది పేరును కాక, ఆ ప్రతి ఎక్కడినుంచి ఎలా తయారైందన్నది చూసి కొనమని నా సలహా.

ముందుగా లెక్క చూద్దాం. సినిమా ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుందన్నది మన ప్రాంతానికి కొత్త సంగతి కాదు. గాంధీనగర్ పంపిణీ కార్యాలయాల నుంచి రీళ్ల పెట్టెలు ఊరూరి థియేటర్లకు వెళ్లిన రోజులు ఎరిగినవారు విజయవాడలో ఇప్పటికీ ఎందరో ఉన్నారు. యానిమే కూడా ఆ 24 మీదనే నడుస్తుంది గాని, 24 ఫ్రేములకూ 24 బొమ్మలు గీయరు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములపాటు నిలిపితే సెకనుకు 12 బొమ్మలు, మూడు ఫ్రేములపాటు నిలిపితే 8 బొమ్మలు అవుతాయి. జపాన్ టెలివిజన్ యానిమేలో మూడేసి ఫ్రేముల పద్ధతే ఎక్కువగా కనబడుతుంది. అయితే మంచి చిత్రకారుడు ఒకే షాట్‌లో కూడా ఈ నిలుపుదలను మారుస్తూ పోతాడు: చేయి పైకెత్తేటప్పుడు మూడేసి, విసిరేటప్పుడు రెండేసి, దెబ్బ తగిలే చోట ఫ్రేముకొక బొమ్మ. కదలికలోని బరువూ వేగమూ చాలావరకు ఈ నిలుపుదలల్లోనే పుడతాయి, మీ సార్ ఆపి చూడమంటున్నది వాటిని లెక్కపెట్టడానికే. కాబట్టి ఈ లెక్కను చెడగొట్టే ప్రతి ఎంత నిగనిగలాడినా మీకు అక్కరకు రాదు.

ఈ దృష్టితో చూస్తే జాగ్రత్తగా ఉండవలసినది డీవీడీతో. అమెరికా, జపాన్ దేశాల పాత టెలివిజన్ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ. అందులో సెకనుకు సుమారు 30 ఫ్రేములు ఉంటాయి, ఒక్కో ఫ్రేము రెండు ఫీల్డులుగా చీలి ఉంటుంది: బేసి గీతలన్నీ ఒక ఫీల్డు, సరి గీతలన్నీ మరొకటి. 24 ఫ్రేముల ఫిల్మును ఇందులో ఇమడ్చడానికి ఒక ఫిల్ము ఫ్రేమును రెండు ఫీల్డులకు, దాని తర్వాతి ఫ్రేమును మూడు ఫీల్డులకు పంచుతూ పోతారు. అలా నాలుగు ఫిల్ము ఫ్రేములు ఐదు వీడియో ఫ్రేములవుతాయి, ఆ ఐదింటిలో రెండు మాత్రం పక్కపక్క ఫిల్ము ఫ్రేముల సగం సగం గీతలు కలిసి తయారవుతాయి. కదులుతున్న చేతిని సరిగ్గా అక్కడ ఆపితే దాని అంచు దువ్వెన పళ్లలా చీలి కనబడుతుంది. మామూలుగా చూసేటప్పుడు కంటికి ఇదేదీ తెలియదు. ఆపి చూసేవారికే చిక్కు.

ఆ చిక్కు ఎలాంటిదో ఒక ఉదాహరణ చెబుతాను. రెండేసి ఫ్రేముల మీద గీసిన కదలికను ఇలాంటి డిస్కులో ఒక్కో అడుగు వేస్తూ చూస్తే మొదటి బొమ్మ రెండు ఫ్రేములు, తర్వాత రెండు బొమ్మలూ కలిసిపోయిన ఫ్రేము ఒకటి, ఆపైన రెండో బొమ్మ రెండు ఫ్రేములు వస్తాయి. కలిసిపోయిన ఫ్రేమును ఎటో ఒకవైపు వేసుకోక తప్పదు కాబట్టి, ఒక బొమ్మ రెండు ఫ్రేములూ ఇంకొకటి మూడు ఫ్రేములూ నిలిచాయని మీ నోటుపుస్తకంలో ఎక్కుతుంది. గీసినవాడు కావాలనే లయ తప్పించాడని మీరు అనుకుంటారు. అతడు గీసినది సమానమైన లయతోనే, మధ్యలో మార్చింది యంత్రం. ఇలాంటి లెక్కలను ఆధారం చేసుకుని అభ్యాసం చేస్తే మీ బొమ్మల్లో కూడా ఆ కుదుపు వచ్చి చేరుతుంది, అది ఎక్కడినుంచి వచ్చిందో మీకు అంతుపట్టదు.

డీవీడీలన్నీ ఇంతే అనడం అన్యాయమవుతుంది. కొన్ని డిస్కుల్లో 24 ఫ్రేములనూ శుభ్రంగా దాచి, ఫీల్డులను ఎలా పంచాలో ప్లేయరుకు సూచన మాత్రమే రాసిపెడతారు. అలాంటి డిస్కు కంప్యూటర్‌లో చక్కగా ఆగుతుంది. పరీక్ష తేలిక. డిస్కును కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో పెట్టి, చీలిన ఫీల్డులను కప్పిపుచ్చే డీఇంటర్‌లేస్ అనే అమరికను ఆపేసి, ఎవరైనా పరుగెత్తే షాట్‌లో కీబోర్డు మీది ఇంగ్లీషు 'E' మీట నొక్కుతూ పది పదిహేను ఫ్రేములు ముందుకు నడపండి. చీలిన అంచు ఒక్కటీ కనబడకపోతే ఆ డిస్కును నమ్మవచ్చు. పరీక్షకు పేర్లు పడే భాగాన్ని ఎంచుకోకండి, చాలా డిస్కుల్లో అది మిగతా భాగానికి భిన్నంగా 30 ఫ్రేముల మీద తయారై ఉంటుంది. ఇక డీవీడీ చిత్రం 720 చుక్కల వెడల్పూ 480 చుక్కల ఎత్తూ మాత్రమే, పైగా అది వాడే ఎంపెగ్-2 కుదింపు పద్ధతికి యానిమే అంటేనే కష్టం: ఒకే రంగు పరిచిన చదునైన చోట సన్నని నల్లగీత ఉంటే దాని చుట్టూ చిన్నచిన్న చుక్కలు చిమ్మినట్టు మిగిలిపోతాయి. గీత మొదలెక్కడ, దాని మందం ఎంత అని చూసేవారికి ఇది అడ్డమే.

మన దేశంలోనూ ఐరోపాలోనూ నడిచిన పాల్ అనే టెలివిజన్ పద్ధతి డీవీడీల కథ మరోలా ఉంటుంది. 576 గీతలున్న ఈ పద్ధతిలో ఫిల్మును సెకనుకు 25 ఫ్రేముల చొప్పున కొంచెం వేగంగా నడిపిస్తారు. ఫ్రేముకు ఫ్రేము శుభ్రంగా ఉంటుంది గాని, వంద నిమిషాల సినిమా 96 నిమిషాలకే ముగుస్తుంది, గొంతులు కొద్దిగా సన్నబడతాయి. బొమ్మలు లెక్కపెట్టుకోవడానికి ఇది నిజానికి మేలైన ప్రతి. అయితే టెలివిజన్ సీరియళ్లను చాలాసార్లు ఫిల్ము నుంచి కాక జపాన్ ఎన్‌టీఎస్‌సీ టేపుల నుంచి మార్చి పాల్‌లో వేశారు. వాటిలో రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి నీడల్లా కలిసిపోయి ఉంటాయి, ఏ సాఫ్ట్‌వేరూ వాటిని పూర్తిగా విడదీయలేదు. ఒకప్పుడు మన వీధుల్లో అద్దెకు దొరికిన వీసీడీ చిత్రం 352 చుక్కల వెడల్పు మాత్రమే కాబట్టి దాని ప్రస్తావన ఇక్కడితో చాలు. ఐదారు సినిమాలు కుక్కి రోడ్డు పక్కన అమ్మిన దొంగ డిస్కుల జోలికి అసలే వెళ్లకండి.

కొనమని కాదు గాని, ఆపి చూడటం అనే అలవాటు ఎక్కడ బలపడిందో తెలియడానికి లేజర్ డిస్కు గురించి రెండు మాటలు చెప్పాలి. జపాన్‌లో పయొనీర్ సంస్థ 1981లో దీన్ని మార్కెట్టులోకి తెచ్చింది. ముప్పై సెంటీమీటర్ల వెడల్పున్న ఆ పళ్లెంలో చిత్రం డిజిటల్ కాదు, అనలాగే. అందులో సీఏవీ అనే రకం ఉండేది: డిస్కు ఒక్క చుట్టు తిరిగితే సరిగ్గా ఒక ఫ్రేము, ఒక వైపుకు 54,000 ఫ్రేములు, అంటే అరగంట. పాజ్ నొక్కితే లేజరు అదే చుట్టును మళ్లీ మళ్లీ చదివేది కనుక బొమ్మ వణకకుండా నిలిచేది, వేల ఫ్రేముల్లో మీరు కోరిన సంఖ్య దగ్గరికి నేరుగా వెళ్లగలిగేది. వీడియో క్యాసెట్టులో ఆ సౌకర్యం లేదు; మామూలు వీసీఆర్‌లో పాజ్ నొక్కితే తెరమీద అడ్డంగా చారలు పడేవి. అంత సౌకర్యం ఉండీ లేజర్ డిస్కు కాలానికి నిలవలేదు: 2009లో పయొనీర్ ప్లేయర్ల తయారీని ఆపేసింది, కొన్ని డిస్కుల్లో లోపలి అల్యూమినియం పొర తుప్పుపట్టి చిత్రం చెడిపోయింది. ఇప్పుడు దానికి డబ్బు పెట్టడం సేకరణ మీద మోజున్నవారి పని, విద్యార్థిది కాదు.

ఇక మీకు నిజంగా పనికివచ్చేది బ్లూ-రే. 1920 చుక్కల వెడల్పూ 1080 ఎత్తూ, ఫీల్డులుగా చీల్చకుండా సెకనుకు 24 నిండు ఫ్రేములు, యాప్‌లు పంపేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ సమాచారం. ఫిల్ము మీద తీసిన యానిమే సినిమాలకూ, ఆ తర్వాతి టెలివిజన్ సీరియళ్లకూ లెక్క ఇందులో చెడదు. అయితే ఇక్కడ రెండో పరీక్ష మొదలవుతుంది: ఈ డిస్కుకు మూలం ఏమిటి? సుమారు 2000 దాకా యానిమేను సెల్లులు అనే పారదర్శకమైన పలకల మీద రంగులు వేసి ఫిల్ము మీద తీసేవారు. ఫిల్ము మిగిలి ఉంటే దాన్ని ఎప్పుడైనా మళ్లీ పెద్దదిగా స్కాన్ చేయవచ్చు. 1998 నాటి 'కౌబాయ్ బీబాప్' అందుకే బ్లూ-రేలో కొత్త వివరంతో కనబడుతుంది. ఆ తర్వాత రంగులు వేయడం కంప్యూటర్‌లోకి వచ్చిన తొలి సంవత్సరాల్లో చాలా సీరియళ్లను ఆనాటి టెలివిజన్ కొలతకే తయారుచేశారు. 2002లో మొదలైన 'నరూటో' అలాంటిదే. దానికి అంతకన్నా పెద్ద మూలం ఎక్కడా లేదు, కాబట్టి దాని బ్లూ-రే అంటే చిన్న చిత్రాన్ని సాగదీసినదే. దువ్వెన అంచుల బెడద తప్పుతుందన్న మేలు ఉంది గాని, లేని గీతలు అందులోకి కొత్తగా రావు. ఇటీవలి సీరియళ్లలో కూడా చాలావాటిని 1080 కన్నా తక్కువ కొలతలో కూర్చి, చివర్లో పెంచుతారు.

మూలం మంచిదైనా దానికి చేసిన వైద్యం చెడ్డది కావచ్చు. ఫిల్ములో సహజంగా ఉండే రేణువులను పాతదనంగా భావించి యంత్రంతో తుడిచేయడం కొందరు తయారీదారులకు అలవాటు. పాత సెల్లు గీతలో పెన్సిలు గరుకు కనబడుతుంది, ఎందుకంటే చిత్రకారుడి కాగితం మీది గీతను ట్రేస్ యంత్రం నేరుగా సెల్లు మీదికి దించేది. రేణువులతోపాటు ఆ గరుకూ పోతుంది, సన్నగీతలు అక్కడక్కడ తెగిపోతాయి, ముఖాలు మైనం పూసినట్టవుతాయి. కార్టూన్ నెట్‌వర్క్ ద్వారా మన పిల్లలకు పరిచయమైన 'డ్రాగన్ బాల్ జెడ్' విషయంలో 2007 నుంచి అమెరికాలో వచ్చిన కొన్ని సెట్లలో ఇంకో అడుగు ముందుకు వేశారు: చతురస్రానికి దగ్గరగా ఉండే 4:3 చిత్రాన్ని వెడల్పాటి టీవీకి సరిపెట్టడానికి పైనా కిందా కోసేశారు. పాత్రను ఫ్రేములో ఎక్కడ నిలబెట్టారు, తలపైన ఎంత చోటు వదిలారు అన్నది నేర్చుకోవలసిన విద్యార్థికి అలాంటి సెట్టు తప్పుడు పాఠం చెబుతుంది. నా మాట వింటే, కోయని పాత డీవీడీ అలాంటి కొత్త సెట్టుకన్నా మేలు.

రంగుల విషయంలో కూడా కొత్త పెట్టెను గుడ్డిగా నమ్మడానికి లేదు, పాతదాన్ని అసలే నమ్మడానికి లేదు. 'స్పిరిటెడ్ అవే' జపనీస్ డీవీడీ 2002లో వచ్చినప్పుడు చిత్రమంతటా ఎరుపు ఛాయ అలముకుందని కొన్నవాళ్లు గట్టిగా ఆక్షేపించారు, 2014 నాటి బ్లూ-రేలో ఆ ఛాయ లేదు. రంగుల పట్టికను అధ్యయనం చేసేవారు ఒకే ప్రతి ముందు కూర్చుని నిర్ణయాలకు రాకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

4కే డిస్కు సంగతి క్లుప్తంగా చెబుతాను. 2016 నుంచి వస్తున్న ఈ డిస్కులు 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద తీసిన పెద్ద సినిమాలకు, ఉదాహరణకు 1988 నాటి 'అకిరా'కు, నిజంగా పనికివస్తాయి. టెలివిజన్ సీరియళ్లకు ఆ డబ్బు దండగ. మన ప్రాంత పాఠకులకు దగ్గరి ఉదాహరణ కావాలంటే 1993 నాటి 'రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ' ఉంది. యుగో సాకో, రామ్‌మోహన్, కోయిచి ససాకిల దర్శకత్వంలో భారత, జపాన్ చిత్రకారులు కలిసి సెల్లుల మీద చేసిన పని అది. ఫిల్ము నిలిచి ఉంది కాబట్టే 2025 జనవరిలో 4కేలో, తెలుగులో కూడా థియేటర్లకు రాగలిగింది. వెలుగుల తీవ్రతను పెంచే హెచ్‌డీఆర్ అనే హంగు మాత్రం పాత సినిమాలకు తర్వాతివాళ్లు చేర్చినదని గుర్తుంచుకోండి. రాత్రి సన్నివేశంలో దీపం అంతగా మెరవడం చిత్రకారుడి నిర్ణయం కాకపోవచ్చు.

మీరు ఇప్పుడు వాడుతున్న యాప్‌ను తీసిపారేయకండి. అందులో ఫ్రేములు సాధారణంగా శుభ్రంగా 24 చొప్పున వస్తాయి, తెలుగు డబ్బింగు కూడా దొరుకుతుంది. లోపాలు వేరే చోట ఉన్నాయి. సమాచారం పిసినారిగా పంపుతారు కాబట్టి సంధ్యాకాశంలాంటి చోట రంగు మెత్తగా మారకుండా పట్టీలు పట్టీలుగా విరిగిపోతుంది. ఫ్రేము ఫ్రేముగా నడిపే మీట ఉండదు. తెరను బొమ్మగా పట్టుకోబోతే నల్లగా వస్తుంది. ఫోన్‌లో వైడ్‌వైన్ ఎల్1 అనే అనుమతి లేకపోతే చాలా యాప్‌లు మీరు ఎంత చందా కట్టినా తక్కువ కొలత చిత్రాన్నే పంపుతాయి, మీ ఫోన్ సంగతి ఒకసారి చూసుకోండి. ఇంకొక తేడా అంతగా ప్రచారంలో లేదు. 1997 డిసెంబరు 16న జపాన్‌లో ప్రసారమైన ఒక 'పోకెమాన్' భాగంలో ఎరుపు నీలం వెలుగులు వేగంగా మిణుకుమనడంతో వందలాది పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. అప్పటినుంచి టీవీ ప్రసారాల్లో మెరుపుల సన్నివేశాలను మసకబరచడమో, ఫ్రేములను ఒకదానిలో ఒకటి కలపడమో చేస్తున్నారు. యాప్‌లలో చాలాసార్లు ఆ ప్రసార ప్రతే వస్తుంది, డిస్కులో మసక తీసేస్తారు. సమయం చాలక నాసిగా వెళ్లిన షాట్లను డిస్కు కోసం తిరిగి గీయడమూ ఉంది. అలాంటి షాటును యాప్‌లో ఒకసారి, డిస్కులో ఒకసారి పక్కపక్కన చూడండి. అనుభవజ్ఞుడు ఏది తప్పని దిద్దాడో కళ్లెదుట కనబడుతుంది. డబ్బు పెట్టకుండా ఆపి చూడటం మొదలుపెట్టాలంటే మ్యూజ్ ఏషియా వంటి అధికారిక యూట్యూబ్ ఛానళ్లున్నాయి. కంప్యూటర్‌లో వీడియోను ఆపి, కామా మీట నొక్కితే వెనక్కీ, చుక్క మీట నొక్కితే ముందుకూ ఒక్కో ఫ్రేము జరుగుతుంది.

ఇప్పుడు మీ మామయ్యగారి ప్రయాణం. బ్లూ-రేలకు ప్రపంచాన్ని మూడు మండలాలుగా పంచారు: అమెరికా, జపాన్ 'ఏ'లో ఉన్నాయి, ఐరోపా 'బీ'లో, మన దేశం 'సీ'లో. అమెరికాలో కొన్న డిస్కు వెనక ఆరు మూలల గుర్తులో 'ఏ' ఒక్కటే ఉంటే అది ఇక్కడ కొన్న ప్లేయర్‌లో గాని, ఇక్కడి ప్లేస్టేషన్‌లో గాని ఆడకపోవచ్చు. ఇది తెలియక డిస్కులు తెప్పించుకుని షోకేసులో పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. ప్లేయర్‌ను కూడా అక్కడే కొని తెస్తే సరిపోతుందనుకుంటే, అక్కడి ప్లేయర్లలో చాలావాటికి 120 వోల్టుల కరెంటు కావాలి, మన గోడకున్నది 230. అందుచేత ఆయనను యూఎస్‌బీతో నడిచే బ్లూ-రే డ్రైవు ఒకటి తెమ్మనండి. అది మీ లాప్‌టాప్ నుంచే కరెంటు తీసుకుంటుంది. విండోస్‌లో బ్లూ-రే నడిపే సాఫ్ట్‌వేర్ విడిగా కొనాలి, పవర్‌డీవీడీ లాంటిది. ఆ సాఫ్ట్‌వేర్‌లో మండలాన్ని మొదటిరోజే 'ఏ'గా పెట్టి అలాగే వదిలేయండి, మార్చుకునే అవకాశాలు కొన్నిసార్లకే పరిమితం. 'ఏ'లో ఉంటే రేపు జపాన్ డిస్కులు కొన్నా ఆడతాయి. డీవీడీలకు లెక్క వేరు: అమెరికా 1, జపాన్ 2, మనం 5, కంప్యూటర్ డ్రైవులో ఆ అంకెను ఐదుసార్లు మాత్రమే మార్చనిస్తారు. 4కే డిస్కులకు మండలాల బెడద లేదు గాని, వాటిని చదవడానికి వేరే డ్రైవు కావాలి.

ఏ డిస్కులు తెమ్మనాలి? మూడో నాలుగో చాలు. పెట్టెలు వరసగా పేర్చుకోవడం ఒక సరదా, నేర్చుకోవడం ఇంకొక పని. మొదటిది 'స్పిరిటెడ్ అవే' తీసిన జపాన్ జిబ్లీ స్టూడియో సినిమా ఏదైనా ఒకటి, అయితే పెట్టె వెనక సినిమా నిడివి స్టోరీబోర్డులు ఉన్నాయని రాసి ఉన్న ప్రతి. ఆ డిస్కుల్లో సినిమా శబ్దం యథాతథంగా నడుస్తుండగా తెరమీద దర్శకుడి పెన్సిలు బొమ్మలు వస్తాయి. ఒక సన్నివేశాన్ని ముందు స్టోరీబోర్డులో చూసి, సినిమా చూడకుండా మీరే నిలుపుదలలు ఊహించి రాసుకుని, ఆ తర్వాత పూర్తయిన షాటును ఫ్రేము ఫ్రేముగా నడిపి సరిచూసుకోండి. తరగతిగదిలో ఎవరూ ఇవ్వలేని అభ్యాసం అది. నా దృష్టిలో ఈ ఒక్క సౌకర్యం కోసమే డిస్కు కొనవచ్చు. రెండోది సెల్లుల కాలం నాటి సీరియల్ ఒకటి, ఫిల్ము నుంచి కొత్తగా స్కాన్ చేసి, చిత్రాన్ని కోయకుండా 4:3లోనే ఉంచినది. మూడోది మీకు ప్రాణప్రదమైన ఇటీవలి సీరియల్. ఇష్టం లేని బొమ్మను వందసార్లు ఆపి చూడటం ఎవరివల్లా కాదు. జపాన్ నుంచే తెప్పించుకుందామనుకుంటే ఒక్కో డిస్కులో రెండు మూడు భాగాలే పెట్టి ఏడు వేల యెన్‌ల దాకా వసూలు చేయడం అక్కడ మామూలు, ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు కూడా చాలావాటిలో ఉండవు.

టీవీకి కలిపి చూసేటట్టయితే ముందు టీవీ అమరికల్లోకి వెళ్లి మోషన్ స్మూతింగ్‌ను ఆపేయండి. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెట్టింది. రెండు బొమ్మల నడుమ ఎవరూ గీయని మూడో బొమ్మను టీవీ తానే పుట్టిస్తుంది, మూడేసి ఫ్రేముల లయ మొత్తం జారిపోతుంది. ఓవర్‌స్కాన్ కూడా తీసేయండి, లేకపోతే చిత్రం అంచులు తెర బయటికి పోతాయి. షార్ప్‌నెస్‌ను తగ్గించండి, అది గీతల పక్కన తెల్లని అంచులు గీస్తుంది.

మీ నాన్నగారి క్యాసెట్ల విషయం చివరికి ఉంచాను. 'జంగిల్ బుక్' నిప్పన్ యానిమేషన్ సంస్థ 1989లో మొదలుపెట్టిన 52 భాగాల సీరియల్, 1990ల మొదట్లో దూరదర్శన్ దాన్ని హిందీలో ప్రసారం చేసింది. వీహెచ్‌ఎస్ టేపులో అడ్డంగా నిలిచేది సుమారు 240 గీతల వివరమే కాబట్టి గీతను గాని, నిలుపుదలను గాని దానిలో నేర్చుకోలేరు. కాని ఆ ప్రసారం ఎలా సాగింది, ఏ డబ్బింగు వేశారు, ఏ భాగాలు కత్తిరించారు, నడుమ ఏ ప్రకటనలు వచ్చాయి అన్నది ఆ టేపులో ఉన్నంతగా ఏ కొత్త డిస్కులోనూ ఉండదు. యానిమే మన ఇళ్లలోకి వచ్చిన చరిత్ర మీద మీరు ఎప్పుడైనా వ్యాసం రాయదలిస్తే అవి మూలాధారాలు. ముందుగా ఒక్కో క్యాసెట్టు అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలకను విరిచేయండి, పొరపాటున దానిమీద ఏదీ రికార్డు కాకుండా ఉంటుంది. మన కోస్తా ఉక్కకు టేపుకు బూజు పట్టడం మామూలే. క్యాసెట్టు మీది గాజు కిటికీలాంటి చోటులోంచి చూస్తే తెల్లని పొడి కనబడితే దాన్ని వీసీఆర్‌లో పెట్టకండి, ఆ బూజు హెడ్డుకు అంటుకుని మిగతావాటికీ పాకుతుంది. పాత పెళ్లి క్యాసెట్లను పెన్‌డ్రైవులోకి ఎక్కించే స్టూడియోలు గుంటూరులోనూ విజయవాడలోనూ దొరుకుతాయి. ఇచ్చేటప్పుడు ఫీల్డులను కలిపేయకుండా సెకనుకు 50 ఫీల్డులూ ఉన్నవి ఉన్నట్టుగా ఎక్కించమనీ, ప్రకటనలను కత్తిరించవద్దనీ కాగితం మీద రాసి ఇవ్వండి. నోటిమాటగా చెబితే మన మేలు కోరి అన్నీ శుభ్రం చేసి ఇస్తారు. ఫైలు చేతికి వచ్చాక కూడా క్యాసెట్లను పారేయకుండా పుస్తకాల్లా నిలువుగా, ఎండ తగలని బీరువాలో ఉంచండి.